పదకొండో మగ ఈగ

ప్రయోగశాలలో అందరికీ ఆయన ఈగల బాబాయే. పండ్ల మీద ముసిరే నలుసంత ఈగలకు మొక్కజొన్న పిండితో మేత వండటం, అప్పుడే పుట్టినవాటికి మత్తిచ్చి సూక్ష్మదర్శిని కింద ఆడవి, మగవి వేరు చేయడం ఇరవై రెండేళ్లుగా ఆయన పని. మగ ఈగ పొడ సోకని ఆడవాటితోనే అక్కడి ప్రయోగాలు నడుస్తాయి. బాబాయ్ చేతి సీసాను మళ్లీ సరిచూడాలని ఎవరికీ తోచదు.

రెండు దగ్గరి జాతులను కలిపి పుట్టించిన సంకర మగ ఈగల మీద ఒక అమ్మాయి మూడేళ్లుగా పరిశోధన చేస్తోంది. అవి చూడటానికి దివ్యంగా ఉంటాయి, ఆడవాటి వెంట తెగ తిరుగుతాయి, సంతానం మాత్రం సున్నా. "హడావుడే గానీ కాపురం లేదు వీళ్లకి" అంటాడు బాబాయ్.

ఎండాకాలం నుంచి ఆయన కళ్లకు శుక్లాలు కమ్ముతున్నాయి. భార్యకు కూడా చెప్పలేదు. చెబితే సూక్ష్మదర్శిని ముందున్న స్టూలు పోయి, సీసాలు కడిగే పనే మిగులుతుంది. ఆ స్టూలంటే ఆయనకు ప్రాణం.

ఒక సోమవారం పొద్దున ఆ అమ్మాయి ఒక సీసాతో పరుగున వచ్చింది.

"బాబాయ్, పది సంకర మగవి, మీరిచ్చిన పది ఆడవి వేశాను. మేతలో పిల్లపురుగులు పుట్టాయి. ఇప్పుడే మా సార్‌కి ఫోన్ చేస్తున్నా."

బాబాయ్‌కి వెంటనే ఒక అనుమానం తగిలింది. మగ ఈగకు గుర్తు నల్లటి తోక కొస, అప్పుడే పుట్టినదానికి అది నల్లబడటానికి కొంత టైము పడుతుంది. అలాంటిదొకటి తన కన్నుగప్పి ఆడవాటిలో కలిసిపోయుంటే? నోరు మెదపకపోతే స్టూలు దక్కుతుంది. కానీ రేపు తప్పని తేలితే నలుగురిలో ఈ పిల్ల పరువు పోతుంది.

"ఫోను కాసేపు ఆగనీ అమ్మా. ముందు సీసాలో మగవెన్నో లెక్కపెట్టు."

"పదే కదా. అయినా మీ కన్ను ముందు నాదెంత, మీరే చూడండి."

"నాకు కనబడటం లేదమ్మా."

హాస్యమనుకుని నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఈగలకు మత్తిచ్చి, స్టూలు మీద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టింది. మగవి పదకొండు, ఆడవి తొమ్మిది.

"ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచి."

ఆమెకు కోపం ముంచుకొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"మీరు వేరు చేసినవి ఇంకా ఎన్నున్నాయి?"

"అరలో నలభై సీసాలు."

"తీసుకురండి. అన్నీ చూడాలి."

ఆయన ఒక్కొక్కటే అందించాడు. నాలుగో సీసా దగ్గర ఆమె స్టూలు మర తిప్పి తన ఎత్తుకు దించుకుంది. బాబాయ్ చూసీ చూడనట్టు ఐదోది తేవడానికి వెళ్లాడు.