శుక్రవారం పుంటికూర

నవంబరు రాగానే ఈ అరబ్బు దేశంలో, మేముండే అల్ వక్రాలో, రోడ్ల మధ్య పూల మడుల్లో కొత్త మట్టి పోస్తారు. అందులో కలిపిన గొర్రెల ఎరువు వాసన సిగ్నల్ దగ్గర ఆగిన కార్లలోకి చొరబడుతుంది. అందరూ అద్దాలు ఎక్కించుకుంటారు, నేను దించుకుంటాను. ఆ వాసన వెంట నా చిన్నతనపు శుక్రవారాలు వస్తాయి.

మా అబ్బా జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ నీటి పంపుల మెకానిక్‌గా పనిచేసేవాడు. ఉత్తరాన ఎడారిలో ఒక ముసలి అరబ్బు తోట ఉండేది. ఖర్జూరాలు, గొర్రెల దొడ్డి, గొర్రెల కోసం పెంచే గడ్డి, వీటన్నిటికీ ఒకే బావి. ఆ బావి పంపు బాగుచేయడానికి వెళ్ళిన అబ్బాకు తోటపని చేసే గంగారాం కాక కలిశాడు. మా జిల్లా మనిషే. యజమాని తోట చివర కాస్త నేల వదిలేస్తే అందులో పుంటికూర, తోటకూర, బచ్చలి, సొర, చిక్కుడు వేసుకున్నాడు. మందు మాత్రం కొట్టేవాడు కాదు. ఊళ్ళో పత్తికి పురుగుమందు కొడుతూ కొడుతూనే అతని తమ్ముడు చేనులో పడిపోయి మళ్ళీ లేవలేదట.

"ఆ వాసనస్తె మా తమ్ముడే కండ్లల్ల మెదుల్తడు బిడ్డా. నా చేతుల్తోని ఆ డబ్బా ముట్ట," అనేవాడు.

అబ్బా ఈ సంగతి మా బిల్డింగులో చెప్పాడు. ఆ చలికాలం నుంచి జుమ్మా నమాజు కాగానే తెలుగు కుటుంబాలన్నీ కార్లు కట్టుకుని బయలుదేరేవి. వారమంతా దాచిన కూరగాయల తొక్కలు, వాడేసిన చాయ్‌పత్తా, గుడ్ల పెంకులు బకెట్లలో అబ్బా పికప్ వెనక ఎక్కేవి. కాక వాటిని గుంతలో పోసి, పైన గొర్రెల ఎరువు కప్పి, తడి గోనెలు పరిచేవాడు. పెద్దవాళ్ళు రేగుచెట్టు నీడలో చాపలు వేసుకుని చాయ్ తాగుతుంటే, పిల్లలం సొర పందిరి కింద దాగుడుమూతలు ఆడి, మిడతలు పట్టి, నీళ్ళ తొట్టిలో కాళ్ళు ఆడించి, ఒళ్ళంతా బురదతో కార్లెక్కి తిట్లు తినేవాళ్ళం. కాకకు డబ్బిచ్చి కూరలు కొనుక్కునేటప్పుడు పురుగు తొలిచిన ఆకు, వంకర తిరిగిన సొరకాయ ఎవరూ పక్కన పెట్టేవారు కాదు. ఒకే ఆకును మా అమ్మీ అంబాడ అని మాంసంలో వండేది, పక్కింటి సుజాతక్క పుంటికూర అని పప్పులో వేసేది, మూడో అంతస్తు గుంటూరామె గోంగూర అని ఎర్ర కారంతో నూరేది. ఆ ఏళ్ళలో రంజాన్ చలికాలంలో వచ్చేది. ఇఫ్తార్ వేళకు అమ్మీ కాక సొరకాయలతో దాల్చా వండి, గిన్నెలు గుమ్మం గుమ్మానికీ పంపేది. మెట్ల మీద ఎక్కడ నిలబడ్డా చింతపండు, పుదీనా కలిసిన ఆ ఆవిరే.

తర్వాత దగ్గర్లోనే ఒక పెద్ద సూపర్ మార్కెట్ తెరిచారు. విమానంలో వచ్చిన పుంటికూర ప్లాస్టిక్ సంచుల్లో, మచ్చ లేకుండా, మండు వేసవిలోనూ దొరికేది. సెలవులకు ఊరెళ్ళి వచ్చినవాళ్ళకు మళ్ళీ ఎడారి దాకా పోబుద్ధి కాలేదు. ఒకరికి దూరం, ఒకరికి పిల్లల ట్యూషన్, ఒకరికి ఆకుల్లో పురుగు. కార్లు ఒక్కొక్కటే తగ్గాయి. అప్పుడే బావిలో నీళ్ళు ఉప్పెక్కాయి. అబ్బా పంపును ఇంకా లోతుకు దించితే ఇంకా ఉప్పు నీళ్ళొచ్చాయి. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోతుంటే, ట్యాంకరుతో మంచినీళ్ళు తెప్పిస్తేనే మడి నిలుస్తుందనీ, కొనేవాళ్ళుంటేనే యజమాని తెప్పిస్తాడనీ తేలింది.

అమ్మీ గడప గడపకూ తిరిగింది. "ఒక్క చలికాలం వదలకుండా రాండ్రి. గంగన్న మడి బతుకుతది," అంది. అందరూ వస్తామన్నారు. ఆ మాట నమ్మి కాక శుక్రవారం తెల్లవారకముందే కోత కోసి, కట్టలు కట్టి, తడి గోనెల మీద వరసగా పేర్చి, ఉతికిన చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

మా పికప్ ఒక్కటే వెళ్ళింది.

"ఎనకస్తున్నరా?" అని అడిగాడు. అమ్మీ తల దించుకుంది. పొద్దు వాలేదాకా కూర్చున్నాం. ఏ కారు దుమ్ము లేచినా కాక లేచి చూసేవాడు. ఎన్ని మంచినీళ్ళు చల్లినా కట్టలు వాడిపోయాయి. చివరికి మాకు పట్టినన్ని ఎక్కించి, మిగతావి దొడ్డి గోడ మీంచి లోపలికి విసిరాడు.

"పోనియ్ చెల్లె. గొర్లన్న తింటయి," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ట్యాంకరు రాలేదు. మరుసటేడు తోట యజమాని ముసలాయన పోయాడు. కొడుకులు గొర్రెలను అమ్మేసి తోటను సెలవులకు అద్దెకిచ్చే విడిదిగా మార్చారు. కాకకు బిల్డింగుల కంపెనీలో డ్యూటీ దొరికింది. కొన్నాళ్ళు సిమెంటు మోసి, నడుము పట్టేసి ఊరెళ్ళిపోయాడు. ఒకసారి అబ్బా ఫోన్ చేస్తే స్పీకర్లో నేనూ విన్నాను. కౌలుకు పత్తి వేశాడట.

"మందు?" అని అడిగాడు అబ్బా.

"కొడుతున్న భాయ్. నేనే కొడుతున్న. ఆ డబ్బా ఈపుకు ఏసుకున్నప్పుడల్లా తమ్ముడు యాదికస్తడు. కొట్టకుంటె పండది. కొట్టకుండ పండిచ్చినా కొనేటోడు ఏడున్నడు?"

ఇప్పుడు నేను స్కూల్లో టీచర్‌ని. చలికాలంలో ఇక్కడి తోటల కూరగాయలకు వేరే సంత పెడతారు. మా తెలుగు గ్రూపులో వారం వారం రాస్తాను, రండి, కలిసి పోదామని. జవాబుగా బొటనవేళ్ళ బొమ్మలు, పూలగుత్తుల బొమ్మలు బోలెడు వస్తాయి. నేనొక్కదాన్నే వెళతాను. మందులు వాడని ఒకే ఒక్క బల్ల దగ్గర ఓ బంగ్లాదేశీ పెద్దాయన ముల్లంగి, పాలకూర అమ్మేవాడు. మొన్న శుక్రవారం మధ్యాహ్నానికి కూడా ఆయన ముందు కుప్ప అలాగే ఉంది. ఎక్కువే కొన్నాను, ఒక ఇల్లు తినగలిగినంత.

"అగ్లే సాల్ ఆయేంగే నా, చాచా?" అని, వచ్చే ఏడూ వస్తారు కదా అని అడిగాను.

ఆయన ఖాళీ పెట్టెలు ఒకదానిలో ఒకటి దూర్చుతూ, తలెత్తకుండానే, ఇక్కడ 'లేదు' అనడానికి వాడే అరబ్బు మాట కలిపి, "అగ్లే సాల్ మాఫీ, బేటీ," అన్నాడు.