దేవుడికి వదిలిన మేకలు

పెళ్లయ్యేదాకా నాకు తెలిసిన మేకలు గుంటూరు బ్రాడీపేటలో గోడల మీది సినిమా పోస్టర్లు చించుకు తినేవి. వాటిని ఎవరు మేపుతారో, ఎక్కడ కడతారో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎనభైల్లో దర్శి అవతల ఒక పల్లెకు కోడలిగా వెళ్లాక, ఆలోచించడానికి ఇంకేమీ మిగల్లేదు. మా నాన్న బడిపంతులు. "పాడీ పంటా ఉన్న ఇల్లమ్మా" అని చెప్పి పంపించాడు. పంట అంటే ఎకరంన్నర జొన్న చేను, ఇంటి వెనక చిక్కుడు పందిరి. పాడి అంటే ఏడు మేకలు. కోళ్లెన్నో మా అత్తకు తప్ప ఎవరికీ తెలియదు. దిష్టి తగులుతుందని ఎవరినీ లెక్కపెట్టనిచ్చేది కాదు.

మా అత్త సంగతి ముందే చెప్పాలి. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడేది. మిగతా ఆరు రోజులూ అదే గొంతుతో మేకల్నీ కోళ్లనీ నన్నూ అదిలించేది. పొద్దున్నే గంప ఎత్తి, ఒక్కో పెట్టనూ పట్టుకుని కడుపులో గుడ్డుందో లేదో వేలు పెట్టి చూసేది. గుడ్డున్న పెట్టను మళ్లీ గంప కిందకే తోసేది, వదిలితే పక్కింటి గడ్డివాములో పెడుతుందని. ఆ పరీక్ష తప్పించుకున్న పెట్ట మా ఇంట్లో లేదు. పెళ్లయిన మొదటి ఏడాది ఆమె నన్ను కూడా ఇంచుమించు అదే చూపుతో చూసేది.

ఆ ఏడాది గడిచాక పాప పుట్టింది. నాకు పాలు చాల్లేదు. పుట్టింటి నుంచి పంపేటప్పుడు మా అమ్మ ఒక పాడిమేకను కొనిచ్చింది. ఎర్ర మేక, తెల్ల చెవులు. గుంటూరు నుంచి దర్శి దాకా బస్సు టాపు మీద దర్జాగా వచ్చింది. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు. నేను మాత్రం పాపను ఎత్తుకుని సగం దూరం నిలబడే వచ్చాను. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ మేక ఒక్కటే. పాప కడుపు నిండేది దాని పాలతోనే. ఈ మాట ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనికి నా దగ్గరున్న సాకు ఇదొక్కటే.

ఆ ఏళ్లలో మా చుట్టుపక్కల అందరికీ పత్తి పిచ్చి పట్టింది. బీళ్లు దున్నారు, డొంక దారి సగం దున్నారు, శ్మశానం అంచుదాకా విత్తనం పెట్టారు. మేకలకు గట్లు మిగిలాయి. అటు పత్తి, ఇటు పత్తి, మధ్యన మూరెడు గట్టు. దాని మీద మూతి పక్కకు తిప్పకుండా నడవాలంటే మేకకు చాలా నిగ్రహం కావాలి. అంత నిగ్రహం మా పల్లెలో మనుషులకే లేదు.

మా క్రైస్తవుల పల్లె ఊరికి కాస్త ఎడంగా ఉండేది. మా జొన్న చేను పక్కన, ఊళ్లో పెద్దరైతు ఒకాయనది పత్తి చేను. మనిషి మంచివాడే. మామూలుగా మాట్లాడినా తగాదా పడుతున్నట్టు వినిపించేది, అంతే. ఒకరోజు నేనూ మా అత్తా గడ్డిమోపులతో వస్తుంటే, మా నల్ల మేకపోతు ఆయన చేలో దొరికిపోయింది. తల పైకెత్తకుండా మేస్తోంది.

"ఏందమ్మే ఇది? నీ మేక కోసమా నేను పత్తి వేసింది?" అంటూ పెద్దాయన కర్ర ఎత్తాడు.

మా అత్త మోపు పడేసి పరుగెత్తింది. "కొట్టమాకయ్యా! అది దేవుడి పోతు."

"ఏ దేవుడి పోతు?"

"మా దేవుడిదే. కోత పండక్కి చర్చికి ఇస్తామని ప్రతిష్ఠ చేశాం. మీ దేవరకి వదిలిన దున్నపోతు నిరుడు మా జొన్నంతా మేసి పోయిందా లేదా? మేం కర్రెత్తామా? దేవుడి సొమ్మని నోరు మూసుకోలా?"

పెద్దాయన ఎత్తిన కర్ర అలాగే ఉండిపోయింది. నిజమే మరి. ఊరి దేవరకు వదిలిన దున్నపోతును ఎవరూ కట్టెయ్యరు, అదిలించరు. ఎవరి చేలో పడితే వారి చేలో మేస్తుంది. నిరుడు మా జొన్న చేలో రెండు రోజులు కాపురం పెట్టింది. ఆయన న్యాయం తెలిసిన మనిషి కాబట్టి ఇరుక్కుపోయాడు.

"మీ కోత పండగెప్పుడు?" అన్నాడు.

"పత్తి తీతలు అయ్యాకయ్యా."

"సరే, చూస్తా" అని కర్ర దించాడు.

ఇంటికి వస్తూ అడిగాను. "అత్తా, ఆ పోతును ఎప్పుడు ప్రతిష్ఠ చేశాం?"

"ఇప్పుడే. నువ్వు చూళ్లా?" అంది.

మరుసటి సంతలో ఒక ఇత్తడి గంట కొని పోతు మెడలో కట్టింది, దేవుడి సొమ్మని అందరికీ తెలియాలిగా మరి. వారం తిరక్కుండానే పోతుకు తన హోదా అర్థమైంది. గట్టు మీద నడవడం మానేసి చేల మధ్య నుంచి నడిచేది. మనిషి ఎదురైతే తప్పుకునేది కాదు.

పల్లెలో వాళ్లు గుడ్డివాళ్లు కాదు కదా. ఆ నెలలోనే భక్తి పొంగిపోయింది. పక్కింటావిడ తన పదకొండు మేకల్నీ ఒకే పూటలో ప్రతిష్ఠ చేసేసింది. క్రిస్మస్‌కు తప్ప చర్చి గడప తొక్కని ఒకతను పిల్లల్తో సహా మందనంతా దేవుడికి రాసిచ్చేశాడు. సంతలో గంటలు దొరకలేదు. దొరకనివాళ్లు రేకు డబ్బాలో గులకరాయి వేసి కట్టారు. ఒకామె తన కోళ్ల కాళ్లకు ఎర్ర దారాలు కట్టి, ఊళ్లోవాళ్ల మిరపకల్లాల్లోకి వదిలింది. కోళ్లు కాయలు చిమ్మి పోస్తుంటే, "దేవుడి కోళ్లండీ" అని గట్టు మీద నుంచి చెప్పేది.

మా పాస్టరుగారు నెలకోసారి దర్శి నుంచి సైకిలు మీద వచ్చేవారు. నెమ్మదస్తుడు. ఊరి బయటికి వచ్చేసరికే నాలుగు దిక్కులా గంటలు వినిపించి, సంగతేమిటని అడిగారు. అన్నీ దేవుడికి ఇచ్చిన మేకలని మావాళ్లు చెప్పారు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మా చర్చికి అప్పటికి తాటాకుల కప్పు. ఆ ఆదివారం ప్రసంగంలో, ఇంత విశ్వాసం తాను ఏ పల్లెలోనూ చూడలేదన్నారు. ఆ మేకల్ని వేలం వేసిన డబ్బుతో వచ్చే వర్షాలకు మనం రేకుల కింద కూర్చుని ప్రార్థన చేస్తామన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. మా అత్త ఆమెన్ కూడా ఆ రోజు సగమే వినిపించింది.

పెద్దాయన మాత్రం మాట తప్పలేదు. దేవుడి మేక మీద ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. పైగా ఆయనకు కొత్త భయం పట్టుకుంది. మందు కొట్టిన ఆకు తిని దేవుడి మేక తన చేలో చస్తే ఆ పాపం తనకే చుట్టుకుంటుందని. అందుకని మందు కొట్టే ముందురోజు సాయంత్రం మా పల్లె మొదట్లోకి వచ్చి అరిచేవాడు. "రేపు మందు కొడతన్నా! వారం దాకా మీ దేవుడి మేకల్ని కట్టేసుకోండి!" అని. మేమంతా ఇళ్లలో కూర్చుని నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. పదో తరగతి పాసైనదాన్ని, ఈ గంటల బాగోతంలో నా మేక లేదుగదా అని అదో గర్వం.

ఆ గర్వం ఎన్నాళ్లో నిలవలేదు. గంట లేని మేక అంటే ఇక అందరికీ అలుసైపోయింది. దేవుడి మేకల మీద చూపించలేని కోపమంతా ఊళ్లోవాళ్లు నా ఎర్ర మేక మీద చూపించారు. ఒకనాడు ఎవరిదో రాయి తగిలి కుంటుతూ వచ్చింది. రెండు రోజులు మేతకు పోలేదు, పాలు సగానికి పడిపోయాయి. పాప ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. మూడో రోజు పొద్దున పాప కాలి పట్టీకున్న మువ్వ ఒకటి విప్పి, దారంతో మేక మెడలో కట్టాను. మా అత్త చూసింది. పెట్టలో గుడ్డు తగిలినప్పటి తృప్తి ఆమె ముఖంలో కనిపించింది.

ఆ తర్వాత నా మేకను ఎవరూ ముట్టుకోలేదు. పెద్దాయన చేలో కాలవ పక్క చాళ్లలో కడుపునిండా మేసి వచ్చేది. పాపకు బుగ్గలొచ్చాయి.

పత్తి తీతలు అయిపోయాయి. కోత పండుగ వచ్చింది. ఆ పొద్దున నేను లేచేసరికి పల్లెలో ఒక్క గంట కూడా మోగడం లేదు. అన్ని నెలల మోత తర్వాత ఆ నిశ్శబ్దం చెవులకు కొత్తగా ఉంది. ఎవరింట్లో వాళ్లు, ఒకరికొకరు చెప్పుకోకుండానే గంటలు విప్పేశారు. నేనూ మువ్వ విప్పి మళ్లీ పాప పట్టీకి కట్టేశాను. మా అత్త ఇత్తడి గంటను ఒక పుంజు మెడకు కట్టింది. పుంజు బరువుకు తల ఎత్తలేకపోతోంది.

"పోతును కదా ఇస్తామన్నాం" అన్నాను.

"గంట కట్టింది ఇస్తామన్నాం. ఇస్తన్నాంగా" అంది.

చర్చి గుమ్మడికాయలతోనూ జొన్న కంకులతోనూ నిండిపోయింది. పక్కింటావిడ పదకొండు గుడ్లు తెచ్చింది, మేకకొకటి చొప్పున. పాట మొదలయ్యే వేళకు గుమ్మంలో ఎవరో చెప్పులు విడిచారు. ఉతికిన పంచె కట్టుకుని, భుజాన చిన్న పత్తి మూటతో పెద్దాయన లోపలికి వచ్చాడు. ఊళ్లో రైతు మా చర్చిలో అడుగుపెట్టడం అదే మొదలు. అందరూ సర్దుకుని చోటిచ్చారు. మూట ముందుపెట్టి చాప మీద కూర్చున్నాడు.

"మీ దేవుడి సొమ్ము ఇన్నాళ్లు నా చేలో పెరిగింది. క్షేమంగా చేరిందో లేదో చూసి పోదామని వచ్చానండీ" అన్నాడు పాస్టరుగారితో. అందులో వెటకారం లేదు. ఆయన నిజంగానే అందుకే వచ్చాడు.

ప్రతిష్ఠించినవి ముందుకు తీసుకురమ్మని పాస్టరుగారు పిలిచారు. మా అత్త పుంజును తీసుకెళ్లి పెట్టింది. ఆయన దానికేసి చూసి, గుడ్లకేసి చూసి, ఇంకా ఎవరైనా లేస్తారేమోనని మాకేసి చూశారు. ఎవరూ కదల్లేదు. అప్పుడు నా ఒళ్లో పాప కాలు ఆడించింది. మువ్వ మోగింది.

పెద్దాయన తల తిప్పాడు. "ఈ చప్పుడు నాకు తెలుసు. కాలవ పక్క చాళ్లలో రోజూ విన్నా" అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడగలడని నాకు అప్పుడే తెలిసింది. అరిచినా బాగుండేది. మందు కొడుతున్నానని పల్లె మొదట్లో నిలబడి అరిచిన మనిషిని చూసి నేనూ పళ్లికిలించాను కదా అనిపించింది. మా అత్త తొడ మీద గిల్లుతున్నా లేచి ఇంటికి వెళ్లి, మేకను తోలుకొచ్చాను. మువ్వ విప్పి అందరి ముందూ దాని మెడలో కట్టాను. అంతా నా విశ్వాసాన్ని తెగ మెచ్చుకున్నారు. ఇంకెవరూ ఇంటికి మాత్రం వెళ్లలేదు.

ప్రార్థన అయ్యాక వేలంపాటలో మేకను పెద్దాయనే పాడుకుని, తాడు పట్టుకుని తోలుకుపోయాడు. ఆ సాయంత్రం పాపకు పలచని గంజి పట్టాను. తాగలేదు. దాంతోపాటు నేనూ ఏడ్చాను.

మర్నాడు పొద్దున ఇంటి వెనక మువ్వ చప్పుడు. నా మేక మా చిక్కుడు పందిరికి ముందుకాళ్లు ఆనించి, పూతా పిందే అన్నీ కలిపి మేస్తోంది. మా అత్త కర్ర తీసుకుని దూకింది.

"కొట్టమాకమ్మే!" అని గట్టు మీద నుంచి మళ్లీ పెద్దాయన ఆ పాత గొంతే. "అది దేవుడి మేక!"

మా అత్త కర్ర పట్టుకుని అక్కడే నిలబడి, పందిరి ఖాళీ అవుతుంటే చూసింది.

పొద్దు వాలేసరికి మేక తనంతట తానే మా వాకిట్లోకి వచ్చి, పాత గుంజ దగ్గర నిలబడింది. పొదుగు నిండుగా ఉంది. పరాయివాళ్ల మేకను పితకాలా వద్దా అని చెంబు పట్టుకుని నేను తచ్చాడుతుంటే, పెద్దాయన పాలేరు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తోలుకుపో అన్నాను. లేవలేదు.

"పాపకు పాలు పితికారా అమ్మా?" అన్నాడు. "పితికితే తోలుకురమ్మన్నాడు. పితక్కపోతే పితికిందాకా కూర్చోమన్నాడు."

నేను చెంబు పట్టుకుని గుంజ దగ్గర కూర్చున్నాను. ఆ ఏడు మా ఇంట్లో చిక్కుడుకాయ కూర వండలేదు.