లామినేషన్ చేయించిన రాజీ కాగితం

శిక్ష పడింది! రెండేళ్ళ జైలు, పైన జరిమానా. జడ్జిగారు చదివిన మాట ఇంకా చెవుల్లోనే ఉంది. ఆత్మకూరు కోర్టు బయట మెట్ల మీద కూర్చుని ఫోనులో ఇది టైపు చేస్తున్నాను. బొటనవేలు ఒక అక్షరానికి బదులు ఇంకో అక్షరం నొక్కుతోంది. పట్టించుకోను. మా వంశంలో డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషిని నేను, ఇప్పుడు ఎల్.ఎల్.బి. కూడా పూర్తిచేశాను. ఆ రెండు రోజులూ కలిపినా ఇంత సంతోషం లేదు.

ఈ సంతోషం కింద ఏడేళ్ళుగా ఒక బరువు ఉంది. దాన్ని ముందు దించాలి, తర్వాత అందరికీ ఫోన్లు చెయ్యాలి. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఈ రోజు శిక్ష పడినవాడిని ఏడేళ్ళ కిందట కాపాడింది నేను.

అవును, నేనే. నా చేతిరాతతో.

మాది ఉదయగిరి పక్క ఊరు. గొర్రెలు మేపుకునే ఇళ్ళు మావి. మా పెదనాయన కూతురు నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆమె పేరు రాయను, అక్క అని రాస్తాను. అక్క బడి ముఖం చూడలేదు. నేను బడికి పోయానంటే కారణం ఆమే, నా వంతు మందను కూడా ఆమే తోలుకుపోయేది. సాయంత్రం నేను చదువుతుంటే పక్కన కూర్చుని వినేది. పాఠం అయిపోయినా "ఇంగొంచెం సదువుమే" అనేది. నా గొంతు అంటే ఆమెకు అంత ఇష్టం.

వేసవిలో రైతులు ఎరువు కోసం మా మందల్ని వాళ్ళ పొలాల్లో కట్టించుకుంటారు. అట్లా ఊరి పెద్దాయన బత్తాయి తోటలో మంద కట్టి ఉన్నప్పుడు, తెల్లవారుజామున నీళ్ళు పట్టుకోవడానికి అక్క మోటారు షెడ్డు దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన చిన్నకొడుకు అక్కడ ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టి షెడ్డులోకి లాగాడు, నోరు మూశాడు. అక్క గుద్ది, గింజుకుని, బయటపడింది. బయటపడేటప్పుడు తలుపు రేకు మోచేతికి కోసుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

అప్పటికి అక్కకు ఇరవై మూడేళ్ళు.

స్టేషనుకు పోతామని మా పెదనాయన ఒకసారి అన్నాడు, రెండోసారి అనలేదు. మంద కట్టుకునే పొలాలన్నీ ఆ ఇంటివాళ్ళవి, వాళ్ళ చుట్టాలవే. పెద్దాయన వరండాలోనే పంచాయితీ పెట్టారు. తనకు ఏదీ వద్దంది అక్క. ఒక్కటే అడిగింది.

"వాడు చేసింది చేసినట్టు కాగితం మీద ఉండాల. అట్టయితేనే ఏలుముద్ర ఏస్తా. రేపు ఇంగొక ఆడకూతుర్ని లాగితే చూపించేదానికి ఉండాల గదా."

ఎవరు రాస్తారు? మా వైపు చదువు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. ఇంటర్ అప్పుడే అయింది. చేతిరాత బాగుంటుందని ఊరంతా అనేవాళ్ళు. స్టాంపు కాగితం తెమ్మని మనిషిని పంపి, ఈలోపల పెద్దాయన నన్ను పశువుల కొట్టం వైపు పిలిచాడు.

"డిగ్రీకి ఏడ చేరతావు పాపా?"

"నెల్లూరులో సీటొచ్చిందయ్యా. హాస్టలే దొరకలా."

"హాస్టలు నేను ఇప్పిస్తా. ఈ పూటే లెటరు రాసిస్తా, పట్టకపో. నువ్వు మాత్రం మావోడు నోరు జారినాడని రాయి. ఆ పిల్లకు సదివి వినిపించేటప్పుడు ఆమె కోరినట్టే సదువు. ఆమెకూ తృప్తి, మాకూ మర్యాద. తెలివిగల దానివి, నీకు ఇడమరిచి చెప్పాల్నా?"

చెప్పనక్కరలేదు. నాకు వెంటనే అర్థమైంది. ఒక్క ప్రశ్న అడిగానా? ఒక్క నిమిషం ఆగానా? హాస్టలు అన్న మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. కిటికీ పక్క మంచం, కొత్త బకెట్, మూడేళ్ళు గొర్రెల వాసన లేని బట్టలు, అన్నీ కళ్ళముందు కనపడ్డాయి.

వరండాలో కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాశాను. "ఇరువర్గాల మధ్య మాట తూలిన విషయమై ఏర్పడిన మనస్పర్థలు పెద్దల సమక్షంలో తొలగిపోయినవి." అంతే. చెయ్యి లేదు, షెడ్డు లేదు, మోచేతి రక్తం లేదు. తర్వాత ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని, అందులో లేనిదంతా చదివాను. చెయ్యి పట్టుకుని లాగినాడని, నోరు మూసినాడని, తప్పు ఒప్పుకున్నాడని. అక్క పాఠం విన్నట్టే శ్రద్ధగా విన్నది. అయిపోయాక వేలు చాపింది. ఇంకు పెట్టి ఆ వేలిని కాగితం మీద నొక్కించింది కూడా నేనే.

ఆ సాయంత్రమే లెటరు నా చేతికి వచ్చింది.

భయపడి రాశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మందలు, పొలాలు, నాయన. భయం లేదని అనను. కానీ భయపడిన మనిషి అంత అందంగా రాస్తుందా? ఒక్క కొట్టివేత కూడా లేకుండా?

డిగ్రీ చదివాను. కిటికీ పక్క మంచమే దొరికింది. ఒక్క రోజూ హాయిగా నిద్రపోలేదని చెబితే అబద్ధం, బాగానే నిద్రపోయాను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

లా కాలేజీలో మొదటి ఏడాదిలోనే అది నన్ను పట్టుకుంది. ఆడవాళ్ళ మీద జరిగే నేరాల గురించి మేడమ్ పాఠం చెబుతున్నారు. అసభ్యంగా మాట్లాడటం ఒక నేరం, ఏడాది దాకా శిక్ష. ఇష్టం లేకుండా తాకడం, కోరిక తీర్చమని అడగడం ఇంకొకటి, మూడేళ్ళ దాకా. గౌరవానికి భంగం కలిగించాలని ఆడమనిషి మీద బలం చూపించడం, అంటే చెయ్యి పట్టి లాగడం, నోరు మూయడం లాంటివి, ఇంకా పెద్ద నేరం. దానికి తక్కువలో తక్కువ ఏడాది, ఎక్కువలో ఎక్కువ ఐదేళ్ళు. నేను నోట్సు రాసుకుంటూనే ఉన్నాను. తర్వాత ఆవిడ గడువుల సంగతి చెప్పారు. ఏడాది శిక్ష ఉన్న నేరానికి ఏడాదిలోపు కోర్టు దాకా రావాలి. మూడేళ్ళదానికి మూడేళ్ళు. మూడేళ్ళకు మించి శిక్ష ఉంటే గడువే లేదు. పైగా ఈ పెద్ద నేరంలో రాజీ కుదరదు. పంచాయితీలో కాదు, కోర్టులో అయినా కుదరదు.

నా పెన్ను ఆగిపోయింది.

నేనేం చేశానో అప్పుడు పూర్తిగా తెలిసింది. ఐదేళ్ళ నేరాన్ని ఒక్క వాక్యంతో ఏడాది నేరంగా మార్చాను. గడువే లేనిదానికి గడువు పెట్టి, ఆ గడువు తీరేదాకా ఊరుకున్నాను. అయితే ఆ కాగితానికి చట్టంలో విలువే లేదని కూడా అదే గంటలో తెలిసింది. ఊరంతా దాన్ని రిజిస్టరు అయిన పట్టాలాగా చూసింది. వేలిముద్ర పడితే ఇక అంతేననుకున్నాం. అదేమీ కాదు, అంతా ఉత్తదే! క్లాసులో ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. పక్కన కూర్చున్న అమ్మాయి నీళ్ళ సీసా ఇచ్చింది.

ఆ ఆదివారమే బస్సెక్కాను. అప్పటికి అక్క ఊరు విడిచి అనుమసముద్రంపేట వచ్చేసింది, దర్గా వీధిలో టీ కొట్టు పెట్టుకుంది. గిరాకీ తగ్గేదాకా కూర్చుని, కాగితం సంగతి చెప్పాను. రాసింది ఒకటని, చదివింది ఒకటని. ఆమె గ్లాసులు కడుగుతూనే ఉంది.

"ఆ పొద్దు సదివేటప్పుడు నా మొకం చూళ్ళేదు నువ్వు" అంది. "అప్పుడే అనుకున్నా."

"అనుకుంటే అడగొచ్చు గదక్కా?"

"నిన్ను గాక ఇంగెవుర్ని అడగాలమే? సదివే మనిషివి నువ్వొక్కదానివే గదా."

నేను ఏడ్చేశాను. ఆమె చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

"సరే, ఏడవబాక. కేసు పెట్టొచ్చా, లేదా? అది చెప్పు."

"పెట్టొచ్చు. గడువు లేదు."

"ఎన్నేండ్లు పడతాది వాడికి?"

"ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా."

"రాజీ అయిపొయ్యిందంటారు గదా?"

"దీంట్లో రాజీ చెల్లదక్కా."

"చెల్లదా?" అని అక్క గట్టిగా నవ్వింది. టీ తాగుతున్న ఫకీరొకాయన తిరిగి చూశాడు. "అయితే నా ఏలికి ఊరికే మసి పూసినావన్నమాట."

ఆ రోజు అన్నీ చెప్పలేదు. హాస్టలు లెటరు సంగతి మింగేశాను. రాసినందుకు కారణం అడిగితే, భయం అన్నాను. ఆమె నమ్మింది. రెండోసారి కూడా నన్నే నమ్మింది.

కంప్లైంటు ఈసారి కూడా నేనే రాశాను. ముందు రాశాను, తర్వాత చదివాను, తర్వాత ఆమె కొట్టు పక్కన చెప్పులమ్మే ఆయనతో కూడా చదివించాను. ప్రతి మాటా సరిపోయాకే అక్క వేలిముద్ర వేసింది.

పాత నేరం కాబట్టి, కొత్త చట్టాలు వచ్చినా పాత చట్టం కిందే కేసు నడిచింది. అవతలివాళ్ళు ధైర్యంగానే ఉన్నారు, ఎందుకంటే వాళ్ళ చేతిలో కాగితం ఉంది. దానిని ఎంత భద్రంగా దాచుకున్నారంటే, నెల్లూరులో లామినేషన్ చేయించారు! ఏడేళ్ళయినా ఒక్క అక్షరం చెరగలేదు. నన్ను బోనులో నిలబెట్టి వాళ్ళ లాయరు ఆ కాగితం చూపించినప్పుడు, నా గుండ్రటి అక్షరాలు ట్యూబులైటు కింద తళతళ మెరిశాయి.

రాసింది నేనేనన్నాను. అందులో లేనిది చదివి వేలిముద్ర వేయించానని చెప్పాను. ఆ మాటతో నామీదికే కేసు రావచ్చని ప్రభుత్వ లాయరు ముందే హెచ్చరించారు. రానీ అనుకున్నాను.

వాళ్ళ లాయరు నవ్వాడు. ఫైలులోంచి ఇంకో కాగితం తీశాడు. హాస్టలు లెటరు కాపీ.

"నీకు హాస్టలు సీటు ఇప్పించింది ముద్దాయి తండ్రిగారేనా?"

"అవును సార్."

"అంత మేలు చేసిన ఇంటి మీద అబద్ధం చెప్పడానికి సిగ్గులేదా?"

నేను అక్క వైపు చూశాను. ఈసారి ముఖంలోకే చూశాను.

"ఆ మేలు ఈ కాగితం రాసినందుకే సార్. రెండింటి మీదా తేదీ చూడండి."

జడ్జిగారు రెండూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టారు. ఒకే తేదీ. లాయరు కూర్చున్నాడు. నేను జన్మలో ఎవరికీ తెలియకూడదనుకున్న దాన్ని వాళ్ళే తెచ్చి ఫైలులో పెట్టుకున్నారు! ఈ రోజు తీర్పులో ఆ రెండు తేదీల గురించి జడ్జిగారు విడిగా చదివారు. చదువుతుంటే నాకు ఎగరాలనిపించింది.

వాళ్ళు పైకోర్టుకు వెళతారట. వెళ్ళనీ. అక్కడికీ ఆ లామినేషన్ వెళ్ళాల్సిందే.

ఒక్కటి మాత్రం మిగిలింది. నేను సాక్ష్యం చెప్పిన రోజు నుంచి అక్క నాతో కేసు మాటలు తప్ప వేరే మాట మాట్లాడలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండేదా? నాకోసం మందను తోలిన మనిషి పరువును నేను ఒక హాస్టలు మంచానికి ఇచ్చేశాను. ఈ శిక్ష వాడికి. నాది ఏ సెక్షను కిందికి వస్తుందో నేను చదివిన పుస్తకాల్లో దొరకలేదు. క్షమించమని ఆమెను అడగలేదు, మిమ్మల్నీ అడగడం లేదు. చెప్పాను, అంతే. చెప్పాక ఊపిరి కడుపు దాకా వెళుతోంది, అది చాలు ఈ పూటకు.

తీర్పు అయ్యాక అక్క బస్సెక్కింది. ఫుట్‌బోర్డు మీద నుంచి వెనక్కి తిరిగి, "నీ నంబరు అదేనా, మార్చినావా?" అని అడిగింది. అదేనక్కా అన్నాను. బస్సు కదిలింది.

ఇక ఫోన్లు చెయ్యాలి.

ముందు నాయనకు. మంద దగ్గర సిగ్నలు ఉండదు, రెండుసార్లు కొట్టాలి.

ఇప్పుడు వరికుంటపాడులో ఉంటున్న పెదనాయనకు. "స్టేషనుకు పోదాం" అని మొదట అన్నది ఆయనే.

అవ్వకు. పక్కింటి వాళ్ళ ఫోనుకు చేసి, గట్టిగా అరిచి చెప్పాలి.

పాఠం చెప్పిన మేడమ్‌కు.

నీళ్ళ సీసా ఇచ్చిన అమ్మాయికి.

చెప్పులమ్మే ఆయనకు.

చేజర్ల నుంచి మొన్న ఫోన్ చేసిన ఆవిడకు. వాళ్ళ కోడలి విషయంలో రాజీ కాగితం రాసిపెట్టమని అడిగింది. రాయనని చెప్పాలి. కంప్లైంటు రాస్తాను, కోడలిని తీసుకుని రమ్మని చెప్పాలి.

అక్కకు. ఈపాటికి బస్సు దిగి, పొయ్యి వెలిగించి ఉంటుంది.