మొహిద్దీన్ బాషా బండికి పొగ పరీక్ష

ఏ బండైనా హారన్ కొట్టుకుంటూ వస్తుంది. దర్శి దారిలో మొహిద్దీన్ బాషా డీజిలు ఆటో మాత్రం ముందు పొగను పంపించి తర్వాత తాను వచ్చేది. మలుపు అవతల తుమ్మచెట్ల మీద నల్లగా లేచిందంటే చాలు, రాఘవమ్మ కూరగాయల గంప ఎత్తుకునేది. "లేవండమ్మా, మన బొగ్గు రైలొచ్చింది!"

నేను తిరగని ఊరు లేదు, ఎక్కని బండి లేదు. దిగాక ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లబడ్డ బండి ఇదొక్కటే. అయినా అందులోనే ఎక్కేవాణ్ణి. బాషా కబుర్లు అలాంటివి. పత్తికి పచ్చపురుగు పట్టి కౌలు చేను గుల్లయిన ఏడు, పురుగు పట్టనిదేదైనా చూసుకుందామని ఈ ఆటో కొన్నాడట. "తుప్పు పట్టుద్దని ఎవరూ చెప్పలా," అని తనే నవ్వేవాడు.

రెండువేల ఎనిమిదిలో లండన్‌లో ఒక రూలు వచ్చింది. పొగ ఎక్కువ కక్కే పాత లారీలు నగరంలో అడుగుపెడితే ఆ రోజుకు సుంకం కట్టాలి. పేపర్లో చదివి బాషాకి చెబితే, "పొగక్కూడా టోలుగేటా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. మిరప కోతలు ముగిసేలోగా ఆ నవ్వు ఆగిపోయింది. పొగ సర్టిఫికెట్ లేని ఆటోలు దర్శి బజారులోకి రాకూడదని, వస్తే జరిమానా అని మైకులో చెప్పుకుంటూ పోయారు. బజారు దాకా పోని ఆటో ఎవరెక్కుతారు? గంప మోసుకుని ఊరి బయటినుంచి నడవమంటే రాఘవమ్మ ఊరుకుంటుందా? సర్టిఫికెట్ రాకపోతే బాషా మళ్లీ కౌలు చేలోకి దిగాల్సిందే.

డీజిల్లో కిరసనాయిలు కలపడం మానేశాడు. ఫిల్టరు మార్చాడు. మెకానిక్ ప్రేమదాసు సైలెన్సరు విప్పి దులిపితే, ఆ మసితో మండలంలోని నల్లబల్లలన్నిటికీ రంగేయొచ్చు.

పరీక్ష రోజున బాషా భార్య మస్తాన్‌బీ కూడా బయల్దేరింది. కొంగున ఎండుమిరపకాయలు కట్టుకుంది. ఇక్కడ గ్యాసు పొయ్యి సంగతి కొంచెం చెప్పాలి. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రావాలి. రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు. మా వైపు ఏ మతం వాళ్లకైనా ఈ శాస్త్రం ఒక్కటే. అయితే గ్యాసు వచ్చాక ఇంట్లో నిప్పులు కరువయ్యాయి. బండికి దిష్టి తీసి ఎన్నాళ్లయిందోనని మస్తాన్‌బీకి ఒకటే బెంగ.

పరీక్ష వ్యాను దగ్గర ఆటో ఆపి, బాషా ఆఫీసరుని పిలవడానికి వెళ్లాడు. మస్తాన్‌బీ మిరపకాయలు బండి చుట్టూ తిప్పి, నిప్పు కోసం అటూ ఇటూ చూసింది. సైలెన్సరు గొట్టానికి చెయ్యి తగిలి చురుక్కుమంది. ఇంకేం, పొయ్యి దొరికింది! మిరపకాయలన్నీ గొట్టంలోకి దోపేసింది.

ఆఫీసరు యేసుపాదం వచ్చి మిషను గొట్టాన్ని సైలెన్సర్లోకి దూర్చాడు. "రేజ్ చెయ్యి," అన్నాడు. బాషా చేశాడు. నల్లపొగ రాలేదు. ముందు యేసుపాదం తుమ్మాడు, తర్వాత వరసలో ఉన్న డ్రైవర్లంతా అందుకున్నారు. టీకొట్టాయన పాలగిన్నె మీద మూత పెట్టి పరిగెత్తాడు.

"ఒరేయ్ బాషా, డీజిలు పోశావా, ఊరగాయ పోశావా?" ఎవరో అరిచారు.

యేసుపాదం కళ్లు తుడుచుకుంటూ పుల్లతో గెలికితే మాడిన మిరపకాయలు రాలాయి. "మిషన్నే మోసం చేద్దామనా? సర్టిఫికెట్టు లేదు, ఏం లేదు. బండి తియ్యి!"

బాషా మొహం పాలిపోయింది. "అల్లా తోడు సార్, నాకేం తెలవదు."

"ఆయన్నేమీ అనమాకండి సారూ." మస్తాన్‌బీ ముందుకొచ్చింది. దగ్గుతోంది, నవ్వుతోంది. "దిష్టి తీసింది నేను. ఇంత ఘాటొచ్చిందంటే బండికి దిష్టి లేనట్టే!"

"బండికి లేదమ్మా. మొత్తం నాకే తగిలింది."

"గ్యాసొచ్చాక నిప్పెక్కడిది సారూ? మీ ఇంట్లో ఏం చేస్తన్నారు?"

యేసుపాదం గొంతు తగ్గించాడు. "చర్చి మానని మా అమ్మే, దిష్టికి మాత్రం పక్కింటి కట్టెలపొయ్యికి పోద్ది." ఆ మాటతో కోపం కూడా దిగిపోయింది. "సర్లే, గొట్టం దులిపి మళ్లీ పెట్టు. ఈసారి వంటలేం చెయ్యమాకండి."

బాషా మళ్లీ రేజ్ చేశాడు. మస్తాన్‌బీ కళ్లు మూసుకుంది. పొగకి హద్దు అరవై అయిదు. మిషను యాభై దగ్గర ఆగింది. వరసంతా ఈల వేసింది.

సర్టిఫికెట్ అద్దానికి అంటించుకుని తిరిగొచ్చేసరికి, రాఘవమ్మ తుమ్మచెట్ల వైపు చూస్తూ కూర్చుని ఉంది. ఆటో పక్కనే వచ్చి ఆగినా లేవలేదు.

"ఎక్కత్తా, మళ్లీ దర్శికే."

"వద్దు నాయనా, మా బాషా బండొచ్చుద్ది," అని తలతిప్పి, గతుక్కుమంది. "నువ్వేనంట్రా! పొగేది?"

"మానేశానత్తా."

"మరి నువ్వొచ్చేది మాకెట్టా తెలిసుద్ది?"

బాషా హారను నొక్కి చూశాడు. అది కిక్కురుమనలేదు.

"హారను బాగుచేయించాలి," అన్నాడు.