ట్యాంకు మీదికి వెళ్లిన మనిషి

కాకినాడ ఎరువుల కర్మాగారంలో, అమ్మోనియా ట్యాంకు పీడనాన్ని కంట్రోల్ రూము కంప్యూటరు నుంచి సేఫ్టీ ఆఫీసరు గారి పీసీకి పంపే ప్రోగ్రాం నేనే రాశాను. ఆ రెండు యంత్రాలూ ఒక రకానివి కావు. ఒకటి అంకెలో పెద్ద భాగాన్ని ముందు దాచుకుంటుంది, రెండోది చిన్న భాగాన్ని. అందుకే పంపేటప్పుడు వరుస మార్చాలి. నేను మాత్రం నా గదిలోని ఒకే రకం పీసీలు రెండింటి మధ్యే పరీక్షించి, సరిపోయిందనుకున్నాను.

ప్రోగ్రాం మొదలుపెట్టిన ఉదయమే ఆఫీసరు గారి తెర మీద, రెండో మూడో ఉండాల్సిన పీడనం వందల్లో కనిపించింది.

"ఏంటండీ ఇది? మీ ప్రోగ్రాంలో పొరపాటా, నిజంగానే ట్యాంకులో ఇంతుందా?" అన్నారాయన, సైరన్ బటన్ మీద చెయ్యి పెట్టి.

వరుస సంగతి అప్పుడే తట్టింది. అయినా, "ప్రోగ్రాం సరిగ్గానే ఉందండి" అన్నాను.

కంట్రోల్ రూముకి ఫోను కలవలేదు. ట్యాంకు మీదున్న మీటరు చూసి రమ్మని ఒక ఆపరేటరుని పంపారు. అతను మాస్కు పెట్టుకుని ట్యాంకు మెట్లెక్కడం కిటికీలోంచి చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు.

అతను తిరిగొచ్చి మాస్కు తీశాడు. "ముల్లు ఎప్పట్లాగే ఉందండి. క్యారేజీ విప్పకుండానే పోతాననుకున్నానండి బాబూ."

"సరిచేస్తానండి" అన్నాను ఆఫీసరు గారితో. వరుస మార్చే రెండు లైన్లు చేర్చాను. ఆపరేటరుకి మాత్రం నిజం చెప్పలేదు.