ఒక్కరికే లైసెన్సు

విడవలూరులో రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. ఆఫీసు కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ దానంతటదే రిపోర్టులు తయారుచేసి రైతుల ఫోన్లకు పంపేలా నేనే ఏర్పాటు చేశాను. ఈ పొద్దున ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి వచ్చి, "ఈ లైసెన్సు ఎదురుగా కూర్చుని వాడే ఒక్కరికే సార్. సర్వర్‌లాగా ఇంతమందికి నడపకూడదు" అన్నాడు. మా ఓనరు వెంటనే ఆపించేశారు.

ఒక్కో రిపోర్టూ నేనే టైపు చేస్తూ రైతు మస్తాన్ గారి రిపోర్టు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆయన గుంటలో రొయ్యల్ని చంపే అమ్మోనియా బాగా పెరిగింది. గాబరాగా ఫోన్ చేసి, నీళ్లు మార్చమన్నాను.

"ఇప్పుడు మార్చి ఏం చేసేదన్నా? మధ్యాహ్నమే రొయ్యలు చచ్చి తేలినాయి" అన్నారు నెమ్మదిగా.

నిబంధన తప్పని నేననను. కానీ ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. మీరైతే ఆయనకేం చెప్పేవాళ్లు?