తార కంప్యూటర్‌లో శ్రేయాస్ పేరు

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో తార అద్దెకుంటుంది. ఆమె భర్త శ్రేయాస్ మొన్న చలికాలంలో కారు ప్రమాదంలో పోయాడు. అతని వీసా మీద వచ్చిన పిల్ల. గడువులోగా ఏదో ఒక కంపెనీ ఉద్యోగమిచ్చి వీసా వేయకపోతే ఇండియా వెళ్ళిపోవాలి. "మేమిద్దరం కలిసి బతికిన ఊరు ఇదొక్కటే అమ్మమ్మా, ఎలా వదలను?" అంటుంది.

సాఫ్ట్‌వేర్ పని వచ్చు. కంప్యూటర్ మాత్రం శ్రేయాస్‌ది. ఇంట్లోంచే వీడియోలో ఇచ్చిన మొదటి ఇంటర్వ్యూలో తెర మీద అతని పేరు కనబడేసరికి, వెనక ఎవరో జవాబులు అందిస్తున్నారనుకుని మధ్యలోనే ఆపేశారు. మనవాళ్ళు కొందరు అలాంటి వేషాలు వేసి అందరికీ మచ్చ తెచ్చారు మరి. అందుకని తార అదే కంప్యూటర్‌లో తన పేరున కొత్త అకౌంట్ తెరిచింది.

రెండో ఇంటర్వ్యూకి నన్ను తోడు కూర్చోమంది. అవతల ప్రశ్నలడిగేది దివాకర్ అని తెలుగబ్బాయే. తార ఏదో కొట్టింది. అలాంటి కమాండ్ దొరకలేదంది కంప్యూటర్.

"ఉంది," గొణిగింది. "పాత్ పెట్టడం మర్చిపోయాను."

అదేమిటో అంతా అయ్యాక నాకు విడమరిచి చెప్పింది. కమాండ్ పేరు కొడితే కంప్యూటర్ దాన్ని ఏయే ఫోల్డర్లలో వెతకాలో ముందే రాసిపెట్టాలట, అదే పాత్. శ్రేయాస్ తన అకౌంట్‌లో రాసుకున్నాడు. కొత్తదానికి ఎవరూ చెప్పలేదు. రెండో తరగతి చదివిన నాకే అర్థమైంది.

అప్పుడు మాత్రం కంగారులో ఆ కమాండ్ ఉన్న ఫోల్డర్ పూర్తి చిరునామా కొట్టేసింది. అందులో మళ్ళీ అతని పేరు.

"శ్రేయాస్ ఎవరండీ? ఒకసారి కెమెరా తిప్పండి" అన్నాడు దివాకర్.

తిప్పింది. నేను కనబడ్డాను.

"ఆవిడ హెల్ప్ చేస్తున్నారా?"

"నేను చెబితే అయ్యే పనైతే, నాయనా, ఆ ఉద్యోగం నాకే ఇవ్వు."

అతను నవ్వలేదు. తార నా చెయ్యి పట్టుకుంది. "శ్రేయాస్ మా హస్బెండ్. చనిపోయారు. ఇది ఆయన లాప్‌టాప్."

"సారీ అండీ. కానీ వేరేవాళ్ళ సెటప్ కనబడితే నేను రిపోర్ట్ చెయ్యాల్సిందే" అన్నాడు. ఉద్యోగం రాలేదు.

మర్నాడు కాఫీ పట్టుకుని కిందికి దిగాను. తార శ్రేయాస్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తన ఫోల్డర్‌లోకి మార్చుకుని, తన పాత్ తనే రాసుకుంటోంది.

"వచ్చే వారం ఇంకోటుంది అమ్మమ్మా. ఈసారి ఆయన పేరు ఎక్కడా కనబడదు."

కమాండ్ కొట్టింది. వెంటనే పనిచేసింది. అంత్యక్రియల నాడు కూడా మా ముందు ఏడవని పిల్ల, కీబోర్డు పక్కన తల వాల్చి ఏడ్చింది.

"ఆ పాత అకౌంట్ తీసెయ్యకే" అన్నాను.

"తీసెయ్యను. కానీ ఇంక దాన్ని తెరిచే పని లేదుగా అమ్మమ్మా."